పిండి తడిపిన చెయ్యి

మన్సూరాబాద్ వెళ్ళే రోడ్డులో, మందుల షాపు పక్కన కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద సంతోషమ్మ ఫొటో చూశాను. నా వయసు వచ్చాక ఫ్లెక్సీలు చదవడం ఒక వ్యసనం. పోయినవాళ్ళు నాకన్నా పెద్దా చిన్నా అని చూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, బీపీ మాత్రలు కొనుక్కుని ఇంటికి పోతాం. ఆ రోజు మాత్రలు కొనకుండానే నిలబడిపోయాను. "ప్రభువునందు నిద్రించిన శ్రీమతి సంతోషమ్మ గారు, రిటైర్డ్ ఆయా, కీర్తిశేషులు దేవదాసు మేస్త్రీ గారి సతీమణి" అని ఉంది. కింద ఆదరణ కూడిక ఏ రోజో, ఏ వీధిలోనో రాశారు. ఫొటోలో ఉన్న ముసలావిడను నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన సంతోషమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కానీ ఆయా సంతోషమ్మ, మేస్త్రీ దేవదాసు అనే జంట ఈ ఊళ్ళో ఇంకొకటి ఉంటుందని ఎంత నమ్ముదామన్నా కుదరలేదు. ఆమెకు నేనొక అపకారం చేశాను. రెండంటే రెండు మాటలతో చేశాను. ఆమె ఎక్కడుందో తెలియక క్షమించమని అడగలేకపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తీరా చూస్తే ఆమె ఎల్బీనగర్‌లోని మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది.

మేము అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్‌ను మనసులోంచి తీసేస్తే గాని అప్పటిది కనబడదు. మెట్రో స్తంభాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, చీరల దుకాణాలు ఏవీ లేవు. విజయవాడ రోడ్డు మీద లారీలు పోతుంటే మా కిటికీ రెక్కలు అదిరేవి, అంతే. రోడ్డుకు ఇవతల అక్కడొక ఇల్లు ఇక్కడొక ఇల్లు, మధ్యలో ఖాళీ స్థలాలు, రాళ్ళు, తుమ్మచెట్లు. సరుకులేవైనా మంచివి కావాలంటే నాన్న సైదాబాద్ దాకా సైకిల్ తొక్కాల్సిందే. నాన్నది బందరు. ఒక ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నను కన్న మా మామ్మ, నేను. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బావి, బావి వెనక నా భుజం ఎత్తు గోడ. గోడకు అవతల మా ఇంటి ఓనరుదే ఇంకో ఖాళీ స్థలం. దానికి కాపలాగా ఒక రేకుల గదిలో దేవదాసు, సంతోషమ్మ, వాళ్ళ ఆరేళ్ళ కూతురు ఎస్తేరు ఉండేవాళ్ళు. నల్గొండ వైపు పల్లె వాళ్ళది, క్రైస్తవులు. ఆయన చుట్టుపక్కల లేచే ఇళ్ళకు గోడలు కట్టేవాడు. ఆమె మూసీ అవతల పెద్ద దవాఖానలో కాన్పుల వార్డులో ఆయా. పుట్టిన పిల్లలకు మొదటి నీళ్ళు పోసే చెయ్యి ఆమెది.

మా మామ్మ రోజు మొత్తం తన సాయంత్రపు అట్టు చుట్టూ తిరిగేది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. పొద్దున బావి దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్టతో తన వంట తనే వండుకుని, మధ్యాహ్నం ఒక్కపూట అన్నం తినేది. సాయంత్రం పలారం, అంటే అట్టు. బొగ్గుల కుంపటి మీద పెనం పెట్టి, వంకాయ తొడిమను నువ్వులనూనెలో ముంచి రుద్దేది. కాలిన వంకాయ తొడిమ, నువ్వులనూనె, పులిసిన పిండి కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. ఆ సమయంలో వంటింటి గడప తొక్కితే చచ్చామన్నమాటే. రెండు అట్లు తినేది. మూడు తినకూడదట. అమ్మ మడి కట్టుకుని పిండి రుబ్బితే తినేది. నేను ఇంకా పెద్దమనిషిని కాలేదు కాబట్టి తడిబట్ట కట్టుకుంటే నా చేతిదీ పనికొచ్చేది. అంతకు మించి లోకంలో ఎవరి చెయ్యీ ఆమెకు పనికిరాదు. ఆమెను రాక్షసి అనుకోకండి. జ్వరం వస్తే రాత్రంతా నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి. నన్ను ఆమె ఎంత ముద్దు చేసిందో అంత ముద్దు ఆ తరవాత నన్నెవరూ చెయ్యలేదు. అందుకే ఈ కథ చెప్పడం కష్టంగా ఉంది.

అవి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి రేగిన రోజులు. మొన్నమొన్నటిది కాదు, దానికి నలభై ఏళ్ళ ముందుది. బళ్ళు మూశారు. నాన్న ఆఫీసు ఒకరోజు ఉంటే నాలుగు రోజులు లేదు. దుకాణాలు తెరిచిన గంటకే షట్టర్లు దించేసేవాళ్ళు. తెరిచినా అందులో సరుకు లేదు. ముందు మినప్పప్పు మాయమైంది. మా అమ్మకు వంటలో అసలైన చెయ్యి తిరిగింది అప్పుడే. మినప్పప్పు లేకపోతే పెసలు రుబ్బింది. పెసలూ అయిపోతే బియ్యంతో కలిపి నానేసిన అటుకులు రుబ్బి మెత్తదనం తెచ్చింది. పిండి పులవకపోతే పుల్లమజ్జిగ పోసింది. రేషన్‌లో ఇచ్చిన ఎర్రగోధుమలు విసిరి, బెల్లంనీళ్ళతో కలిపి వేసింది. అవి పెనానికి అతుక్కుని రేగిపోతే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెనాన్ని తిట్టకే" అని మామ్మ దెప్పేది. దెప్పుతూనే తినేది. కొత్త దినుసు వచ్చినప్పుడల్లా మామ్మ దగ్గర తీర్పుకు వెళ్ళాలి. జొన్నలు? ధాన్యమే, ఫరవాలేదు. గోధుమలు అమెరికావట? ఎక్కడ పండితేనేం, భూమిలోనే కదా పండింది. ఒకసారి గోడ మీంచి సంతోషమ్మ ఒక కాగితం పొట్లం చాపింది. చర్చిలో పంచిన పసుపుపచ్చ మొక్కజొన్న పిండి, ఇంకో పొట్లంలో పాలపొడి. అమ్మ దాన్ని పట్టుకుని మామ్మ ముందు నిలబడింది. మామ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఎండుపిండికి మైల లేదు. నీళ్ళు తగిలితేనే. తడిపినవాళ్ళ చేతిని బట్టి ఉంటుంది" అని తేల్చింది.

"మరి పాలపొడి? పాలు కదా అత్తయ్యా."

"పాలప్పుడు పాలు, పొడప్పుడు పొడి. ఎండింది కదా, తీసుకో."

ఆ తీర్పు విని సంతోషమ్మ గోడ అవతల నవ్వింది. ఆమెకీ ఆ లెక్క ముందే తెలుసు. అందుకే ఎప్పుడిచ్చినా పొడిదే ఇచ్చేది, కాగితంలోనే ఇచ్చేది, పొట్లం గోడ మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాకే మేము అందుకునేవాళ్ళం. నాకు అందులో వింతేమీ కనబడలేదు. గోడ అందుకోసమే ఉందనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున లేచేసరికి మా వీధిగోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు. మా ఊరికి మమ్మల్ని పొమ్మని. అమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. కదిలే పరిస్థితి కాదు. దేవదాసు వచ్చి చూసి, వెళ్ళి, డబ్బాలో సున్నం కలుపుకొచ్చి గోడంతా వెల్ల వేశాడు. అతనూ ఊరేగింపులకు వెళ్ళేవాడే. సాయంత్రాలు నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. "సార్, మా రాష్ట్రం మాకు కావాలె, గది వేరే ముచ్చట. మీరేడికి పోతరు, కడుపుతోనున్న మనిషిని పెట్టుకొని? ఎవడన్న వస్తే నన్ను పిలువుండ్రి" అన్నాడు. నాన్న అతని రెండు చేతులూ పట్టుకోబోయి, మామ్మ గుమ్మంలో ఉందని గుర్తొచ్చి, దణ్ణం పెట్టాడు.

ఆ వారంలోనే నెలలు నిండకుండా అమ్మకు నొప్పులొచ్చాయి. సంతోషమ్మ గోడ అవతలి నుంచే అమ్మ మొహం చూసి, "ఆలస్యం చెయ్యకుండ్రి సారూ, దవాఖానకు తీస్కపోండ్రి" అని దేవదాసును రిక్షాకు పరిగెత్తించింది. నాన్న అమ్మను కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి కర్ఫ్యూ అన్నారు. చాదర్‌ఘాట్ వంతెన మీద ఎవరినీ అటూ ఇటూ పోనివ్వడం లేదన్నారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే, కబురు లేదు. ఇంట్లో మామ్మ, నేను.

కోడలికి సుఖప్రసవం కావాలని మామ్మ ఆ రోజంతా ఉపవాసం ఉంది. మర్నాడు ఏకాదశి, ఎలాగూ ఉపవాసమే. మూడోనాడు ద్వాదశి. పొద్దున్నే పారణ చెయ్యాలి, అంటే ఏదో ఒకటి తిని ఉపవాసం విడవాలి. బియ్యం డబ్బా బోర్లిస్తే గుప్పెడు పురుగులు రాలాయి. రోహిణి ఎండలు. స్నానం చేసి బావి దగ్గరినుంచి వస్తూ మామ్మ గుమ్మంలో కూలిపోయింది. ఈడ్చి చాపమీద పడుకోబెట్టాను. పెదాలు తెల్లగా పిడచకట్టాయి. కళ్ళు పైకి పోతున్నాయి. మాట మాత్రం మామ్మదే. "జావ కాస్తానే" అంటే, "జావ చచ్చేవాళ్ళకు పోస్తారు. అట్టు వెయ్యి" అంది.

నేను తలమీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్ట చుట్టుకుని, కుంపటి రాజేశాను. ఉన్నది సంతోషమ్మ ఇచ్చిన మొక్కజొన్న పిండి, పాలపొడి. చన్నీళ్ళు పోసి కలిపి పెనం మీద పోస్తే ఇసక పోసినట్టు చెదిరింది. అట్లకాడ పెడితే ముక్కలు. ఇంకాస్త పాలపొడి వేస్తే మాడి నల్లబడింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ పెనం గోక్కోవడమే. లోపల మామ్మ మూలుగు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి భయపడి, పెరట్లోకి పరిగెత్తి గోడ పట్టుకుని ఏడ్చాను.

"ఏమైంది బిడ్డా? ఏందా ఏడుపు?" అంటూ సంతోషమ్మ వచ్చింది. కర్ఫ్యూ వల్ల ఆమె కూడా డ్యూటీకి పోలేదు. చెప్పాను. "చన్నీళ్ళు పోసినవా? గా పిండికి ఉడుకునీళ్ళు పోస్తేనే అంటుకుంటది. జర జర పోసుకుంట కలుపు" అంది. నేను వెళ్ళి వేడినీళ్ళు పోశాను. ఉండలు కట్టింది. మళ్ళీ వచ్చాను. ఆమె మా వంటింటి వైపు చూసింది, నా వైపు చూసింది.

"నేను ముట్టుకుంటే పెద్దమ్మ తింటదా?"

"నేను చెప్పను సంతోషమ్మా. ఒట్టు. ఎప్పటికీ చెప్పను."

"చెప్తివంటే నీకు గాదు బిడ్డా, నాకు మోసమైతది."

"చెప్పను."

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని గోడ దూకింది. బావి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది, వార్డులో కడుక్కునే అలవాటేమో, గోళ్ళ సందులతో సహా. పిండిలో సలసలమనే నీళ్ళు చుక్కచుక్కగా పోస్తూ, కాలుతున్నా వేళ్ళతోనే కలిపింది. చుట్టూ చూసి, "గా పండు తీస్కో" అంది. దేవుడి ముందు పెట్టిన అరటిపండు నల్లబడి ఉంది. దాన్ని పిసికి అందులో కలిపింది. ఉప్పురాయి వేసింది. మంట తగ్గించి, పిండి పోసి, మూత పెట్టింది. "కదిలియ్యకు. అంచులు అవే లేస్తయ్" అంది. లేచాయి. పసుపుపచ్చగా, పలచగా, ఎక్కడా చిరగకుండా అట్టు వచ్చింది. అరటిపండు మగ్గిన తీపివాసన ఇల్లంతా నిండింది. నాలుగు అట్లు వేసి, వాడిన గిన్నె చింతపండుతో తోమి బోర్లించి, వచ్చినదారినే గోడ దూకి వెళ్ళిపోయింది. మొత్తం పావుగంట పట్టిందేమో.

మామ్మ తల ఒళ్ళోకి తీసుకుని ముక్కలు చేసి పెట్టాను. మొదటి ముక్క నోట్లోనే చాలాసేపు ఉంచుకుంది. తరవాత నమిలింది. రెండు అట్లు అయ్యేసరికి కళ్ళు తెరిచి చూసింది. "ఎవరు తడిపారే పిండి?" అంది. నేను తడబడలేదు. "నేనే మామ్మా, తడిబట్టతోనే" అన్నాను. "ఇంకోటి పెట్టు" అంది. మూడు తినకూడదు కదా అంటే, "అయితే నాలుగూ పెట్టెయ్" అంది. తిని, నా గడ్డం పట్టుకుని, "నా తల్లే. నన్ను బతికించావే" అంది. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో సిగ్గుపడనిది అదొక్కటే.

అయిదోరోజు కర్ఫ్యూ సడలించాక రిక్షా వచ్చింది. నాన్న దిగి, అమ్మను దించాడు. చేతుల్లో ఏమీ లేదు. మగపిల్లాడు, రెండు రోజులు బతికాడట. ఎనిమిదో నెల బిడ్డ దక్కడని ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా చెప్పే మామ్మ, సొంత ఇంట్లో జరిగేసరికి ఆ మాట మరిచిపోయింది. ఎవరి తప్పో కావాల్సొచ్చింది ఆమెకు. రెండు రోజులు గోడకు ఆనుకుని తనలో తను గొణుక్కుంది. అమ్మకు ఏదైనా వేసి పెట్టమని నాచేత అదే పిండితో అట్లు వేయించింది. రెండు రోజులూ అవి చిరిగాయి. నేను భయంతో వేడినీళ్ళ సంగతే మరిచిపోయాను. మామ్మ చిరిగిన అట్టును పళ్ళెంలో అటూ ఇటూ తిప్పి చూసింది.

అమ్మను వసారాలో మంచం వేసి పడుకోబెట్టాం. పాలు పడి రవికె తడిసిపోతోంది. తాగేవాడు లేడు. సంతోషమ్మ ఆ సాయంత్రం మల్లెమొగ్గలు తెచ్చింది. రొమ్ములకు మల్లెపూలు కడితే పాలు ఎండుతాయని, దవాఖానలో బిడ్డ పోయిన తల్లులకు అలాగే కడతామని చెప్పి, పెరటి గడప దగ్గర కూర్చుని దండ కడుతోంది. అప్పుడు మామ్మ నన్ను పిలిచింది. అమ్మ ఎదుట, నాన్న ఎదుట, ఆమె ఎదుట.

"శారదా, ద్వాదశి నాటి అట్టు చిరగలేదు. నిన్నా ఇవాళా నీ చేతిది చిరిగింది. ఆ రోజు పిండి ఎవరు తడిపారు?"

నేను గడప దగ్గరి మల్లెమొగ్గల వైపు చూశాను.

"పారణ నాడు నా మడి చెడింది. అందుకే పసివాడు పోయాడు. తడిపింది నువ్వే అయితే మడి సరిగా కట్టలేదన్నమాట, ఆ పాపం నీది. నువ్వు కాకపోతే ఎవరో చెప్పు."

నేను అమ్మ వైపు చూశాను. అదేం మాట అత్తయ్యా అంటుందనుకున్నాను. అమ్మ అనలేదు. మంచం మీంచి తల తిప్పి నన్ను చూసింది. నువ్వేనా అని అడిగే చూపు అది. ఆ చూపు మోయడం నా వల్ల కాలేదు. తమ్ముణ్ణి చంపినదానిగా ఆ ఇంట్లో పెరగాలన్న భయం నన్ను నిలువునా పట్టేసింది. "సంతోషమ్మ" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నేను వద్దన్నాను, వినలేదు" అని కూడా అన్నాను.

సంతోషమ్మ తల ఎత్తలేదు. మిగిలిన మొగ్గలు కట్టడం పూర్తిచేసి, దండ గడప మీద పెట్టి లేచింది. "అమ్మకు కట్టుండ్రి. లేకపోతే గడ్డ కడతది" అని వెళ్ళిపోయింది. మామ్మ ఆ దండను నాచేత కర్రతో బయటికి నెట్టించింది. మూడు రోజులకు అమ్మకు రొమ్ము గడ్డకట్టి జ్వరమొచ్చి, గోరుచుట్టు మీద రోకటిపోటయింది. గోడ అవతల మనిషి ఉందని అందరికీ తెలుసు. పిలిచే మొహం ఎవరికీ లేదు.

అట్టు పెట్టినమ్మకు అట్టున్నర పెట్టమంటారు. మేము అలాగే పెట్టాం. వాళ్ళన్నా ఉండాలి, నేనన్నా ఉండాలని మామ్మ పట్టుపట్టింది. ఓనరు మా జిల్లావాడే, నాన్న వెళ్ళి చెప్పాడు. వారం తిరక్కుండా దేవదాసు తన రేకులు తనే విప్పుకుని బండిలో వేసుకున్నాడు. బండి కట్టాక మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్, మిమ్ముల పొమ్మని రాసినోళ్ళను నేను ఆపిన. మీరెందుకు గిట్ల చేసిండ్రు?" అని అడిగాడు. నాన్న, "మా అమ్మ మాట, దేవదాసూ" అని నేల చూశాడు. మమ్మల్ని పొమ్మని గోడమీద రాశారు గాని ఎవరూ పంపలేదు. మేము ఎక్కడా ఏమీ రాయకుండానే ఒక కుటుంబాన్ని పంపేశాం. బండి మీద మూటల మధ్య కూర్చున్న ఎస్తేరు నాకు చెయ్యి ఊపింది. దానికేమీ తెలియదు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

మామ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఆ నాలుగు అట్లే లేకపోతే ఆ ఏళ్ళు ఉండేవి కావు. ఆ సంగతి ఆమె ఒప్పుకోలేదు, అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు మా ఎల్బీనగర్ అపార్టుమెంటు కింద దుకాణంలో దోసెపిండి ప్యాకెట్లు అమ్ముతారు. మామ్మ వంశంలో మిగిలినవాళ్ళం అందరం అదే కొంటాం. ఎవరు నానబెట్టారో, ఎవరు రుబ్బారో, ఏ చేతులు నీళ్ళు పోశాయో ఏ ఒక్కరం అడగం. అంత పెద్ద మడి ఏ సంస్కరణకూ లొంగక, ఉత్త బద్ధకానికి లొంగిపోయింది. మంచిదే అనుకుంటాను. అనుకుని మెట్లు ఎక్కుతుంటే, పై అంతస్తు పోర్షన్ కిరాయికి అడగడానికి వచ్చినవాళ్ళను మా అసోసియేషన్ పెద్దాయన "మీరేమిట్లు?" అని మెల్లగా కులం అడగడం వినబడుతుంది. ప్యాకెట్లో పిండిని అడగనివాళ్ళం మనుషులను అడుగుతూనే ఉన్నాం. నేను ఏనాడూ ఆయనకు అడ్డం వెళ్ళలేదు.

ఆదరణ కూడికకు వెళ్ళాను. చిన్న ఇల్లు, ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక భోజనాలకు లేచారు. ఎస్తేరును పోల్చుకోవడం కష్టం కాలేదు, అచ్చం తల్లి మొహం. నర్సుగా రిటైరయిందట. దిల్‌సుఖ్‌నగర్, గోడకు ఇవతలి ఇల్లు, బావి అని గుర్తులు చెప్పాను. "శారదక్కవా?" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఆదరణ భరించలేక అక్కడే అంతా చెప్పేశాను. నేను ఒట్టు వేసింది, మా అమ్మ నన్ను చూసిన చూపు, సంతోషమ్మను పిలిచింది నేనే అయ్యుండి వద్దన్నానని అబద్ధమాడింది, ఏదీ దాచలేదు. ఎస్తేరు చెయ్యి వదల్లేదు గాని పట్టు సడలింది.

"నాకు ఎరికే అక్కా. అమ్మ చెప్పింది" అంది. "అమ్మ దవాఖానల వేలమంది పిల్లలకు నీళ్ళు పోసింది. కాని ఎవరింటికి పోయినా పొయ్యికాడికి పోకపోయేది. చర్చిల విందు చేస్తే కూరగాయలు కోసేది, బియ్యం ఏరేది. పిండి కలుపమంటే మాత్రం, నా చెయ్యి మంచిది గాదు, మీరే కలుపుకోండ్రి అనేది. నా బిడ్డ పెండ్లిల గూడ గంతే" అంది.

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవడం లేదు.

"నిన్నెప్పుడు తిట్టలే అమ్మ. పన్నెండేండ్ల పిల్ల, భయపడ్డది, దానికేం తెలుసు అనేది. గట్లనే మాఫీ చేసింది నిన్ను" అని, నా వైపు తిరిగి సూటిగా అడిగింది. "మరి అటెన్క నీకు ఇరవై రాలే? నలభై రాలే?"

ఎవరో భోజనాల దగ్గరినుంచి పిలిస్తే లేచి వెళ్ళింది. నాకిప్పుడు అరవై ఎనిమిది.